ప్రేమకు కరువు భత్యం

ఈ దేశంలో భర్త ప్రేమ ఖరీదు 48,400 రూపాయలు. భార్య ప్రేమ కూడా అంతే. స్త్రీ పురుష సమానత్వాన్ని మనం పైసలతో సహా సాధించిన చోటు ఇదొక్కటే. ఈ రేటు నేను కట్టింది కాదు. రోడ్డు ప్రమాదంలో మనిషి పోతే, వెనక మిగిలినవాళ్లు మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్ మెట్లెక్కుతారు. పోయినవాడి సంపాదనెంత, వయసెంత, తన సొంతానికి ఎంత వాడుకునేవాడు అని తేల్చి, వయసును బట్టి ఒక అంకెతో హెచ్చించి ఒక మొత్తం రాస్తారు. అది అన్నం లెక్క. దాని కింద మనసు లెక్క కూడా ఉంటుంది. దహనానికి ఇంత, కన్సార్షియానికి ఇంత అని చిన్న చిన్న పద్దులు. కన్సార్షియం అంటే కంగారు పడకండి. తోడు పోయినందుకు, ఆదరణ పోయినందుకు, రేపటి నుంచి పక్కన మనిషి లేనందుకు ఇచ్చే సొమ్ముకు కోర్టువారు పెట్టుకున్న పేరది.

2017 అక్టోబరు 31న సుప్రీంకోర్టులో అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం ఈ పద్దుకు 40,000 అని ఖాయం చేసింది. అంత్యక్రియలకు 15,000, ఎస్టేటు నష్టానికి 15,000. మూడేళ్లకోసారి పది శాతం చొప్పున పెంచుకుంటూ పొమ్మని కూడా చెప్పింది. గుమాస్తాకు కరువు భత్యం పెరిగినట్టు ప్రేమకూ పెరగాలి కదా. ఆ ప్రకారమే 2020లో 44,000 అయింది, 2023లో 48,400 అయింది.

ఇందులో ఒక తిరకాసుంది. అంతకు నాలుగేళ్ల ముందు, 2013లో, అదే సుప్రీంకోర్టు ఒక కేసులో ఇదే పద్దుకు లక్ష రూపాయలిచ్చింది. దాన్ని చూసి కింది ట్రిబ్యునళ్లు కూడా లక్షలు రాయడం మొదలుపెట్టాయి. ఇది మితిమీరుతోందని రాజ్యాంగ ధర్మాసనం లక్షను నలభై వేలకు దించింది. సరే, ఈ పది శాతం పెంపులతో ప్రేమ మళ్లీ లక్ష మొహం ఎప్పుడు చూస్తుందా అని కాగితం తీసుకుని వేసి చూశాను. 2044లో 94,318 దగ్గర ఉంటుంది. 2047 అక్టోబరు ఆఖరుకు లక్ష దాటుతుంది. అంటే స్వాతంత్య్రం వచ్చి నూరేళ్లు నిండిన ఏడాదికి, దాంపత్య ప్రేమ విషయంలో మన దేశం 2013 నాటి స్థాయిని తిరిగి అందుకుంటుంది. అప్పటిదాకా రోడ్డు మీద జాగ్రత్తగా నడవండి.

వెనకటి రోజులు ఇంకా చవక. తప్పెవరిదో తేల్చే పని లేకుండా పరిహారం ఇవ్వడానికని 1994లో మోటారు వాహనాల చట్టానికి రెండో షెడ్యూలు పేరుతో ఒక పట్టిక తగిలించారు. అందులో మొగుడో పెళ్లామో పోతే 5,000. దహనానికి 2,000. బతికి బట్టకట్టినవాళ్లు పడిన నొప్పికి కూడా రేటు ఉంది: గాయం తీవ్రమైనదైతే 5,000, కాకపోతే 1,000. ఆ షెడ్యూలు ప్రకారం నొప్పి ఉండేది మనిషిలో కాదు, ఎముకలో. విరిగితే అయిదు వేలు, విరక్కపోతే వెయ్యి. ఆ పట్టికలో లెక్కలే సరిగ్గా లేవని, కూడికలూ హెచ్చవేతలూ తప్పాయని 1996లో సుప్రీంకోర్టే చెప్పింది. చెప్పిన తరవాత కూడా ఆ పట్టిక ఇరవై ఏళ్లకు పైగా చట్టపుస్తకంలో హాయిగా కూర్చుంది. 2018 మేలో గాని మార్చలేదు. బియ్యం పెరిగింది, బంగారం పెరిగింది, శ్మశానంలో కట్టెలూ పెరిగాయి. ఇరవై నాలుగేళ్లు రేటు కదలని సరుకు ఈ దేశంలో మనిషి నొప్పి ఒక్కటే.

ప్రేమకు హక్కుదారులెవరన్నది ఇంకో పేచీ. 2018 దాకా కన్సార్షియం ప్రధానంగా భార్యాభర్తల సొత్తు. బిడ్డను పోగొట్టుకున్న తల్లిదండ్రులకూ, తల్లినో తండ్రినో పోగొట్టుకున్న పిల్లలకూ కూడా ఇవ్వాల్సిందేనని ఆ ఏడాది సుప్రీంకోర్టు అంది. మంచి మాట. అదే కేసులో ‘ప్రేమానురాగాల నష్టం’ అని వేరే పద్దు కింద కూడా కొంత ఇచ్చింది. 2020లో మరో ధర్మాసనం, ప్రేమానురాగాలు కన్సార్షియంలోనే కలిసి ఉన్నాయి, విడిగా ఇవ్వొద్దు అంది. ఒకే ప్రేమకు రెండు రసీదులు చెల్లవన్నమాట. భార్యాభర్తలు, తల్లిదండ్రులు, పిల్లలు, ఈ మూడు వరసలకే కన్సార్షియం. అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ ఆ గీతకు అవతల ఉండిపోయారు. మేనమామలూ పెద్దమ్మలూ సరేసరి. ఏటా రాఖీ కట్టించుకుంటున్న దేశానికి ఇది తట్టకపోవడం చిత్రమే.

ఈ విద్యలో మన గురువులు ఇంగ్లండులో ఉన్నారు లెండి. 1989లో షెఫీల్డులోని హిల్స్‌బరో మైదానంలో ఫుట్‌బాల్ ఆట చూడబోయిన జనం ఇనుప కంచెల మధ్య నలిగి చనిపోయారు. చూసి మనసు చెదిరిన బంధువులు దావా వేస్తే అది 1991లో హౌస్ ఆఫ్ లార్డ్స్ దాకా వెళ్లింది. టీవీలో చూసినవాళ్లకు కుదరదన్నారు. సరే, మైదానంలోనే ఉన్నవాళ్లకో? అక్కడే ఉండి, ఆ ఘోరం కళ్లారా చూస్తూ, ఇద్దరు తోబుట్టువులను పోగొట్టుకున్న మనిషి కూడా ఓడిపోయాడు. వాళ్ల మధ్య గాఢమైన ప్రేమ ఉండేదనడానికి రుజువు పెట్టలేదట. ఇకమీదట అన్నదమ్ములు ఆటకు బయల్దేరేముందు నోటరీ దగ్గర ఒక ప్రేమపత్రం రాయించుకుని వెళ్లడం క్షేమం.

అంతకు ముందు సంగతి చెబితే నవ్వొస్తుంది. ఆస్ట్రేలియాలో రైల్వే గేటు కాపలాదారు ఒక బండిని పట్టాల మీదికి రానిచ్చాడు. రైలు దూసుకొచ్చి వెంట్రుకవాసిలో తప్పింది. బండిలో ఉన్న ఆవిడ స్పృహ తప్పి, ఆ బెదురుతోనే జబ్బుపడింది. 1888లో ప్రీవీ కౌన్సిల్ తీర్పు: రైలు తగల్లేదు, ఉత్త భయానికి పరిహారమా? అప్పట్లో మన దేశానికి కూడా అదే ఆఖరి గడప. తొమ్మిదేళ్ల తరవాత లండన్‌లో ఒక పెద్దమనిషి తమాషా కోసం ఒకావిడ దగ్గరికి వెళ్లి, నీ భర్తకు ప్రమాదమైంది, కాళ్లు రెండూ విరిగి పడి ఉన్నాడు, తీసుకురావడానికి పొమ్మన్నాడు. ఆవిడ వారాల తరబడి మంచం పట్టింది. కోర్టు ఈసారి కరిగి 100 పౌన్లు ఇచ్చింది. దాంతోపాటు, భర్తను తీసుకురమ్మని ఆవిడ మనుషుల్ని పంపినందుకు రైలు ఛార్జీలు ఒక షిల్లింగు పదిన్నర పెన్నీలు. ఆ ఛార్జీల మీద ఎవరికీ ఏ అనుమానమూ రాలేదు. వంద పౌన్ల గురించే న్యాయశాస్త్ర విద్యార్థులు నూట పాతికేళ్లుగా పరీక్షలు రాస్తున్నారు.

అసలు కీలకం అక్కడే ఉంది. టికెట్టున్న నష్టానికి కోర్టులో కుర్చీ వేస్తారు. టికెట్టు లేని నష్టం గుమ్మం దగ్గర నిలబడాలి.

మన దగ్గరికే వద్దాం. 2016లో ఒక కుటుంబం అజ్మీర్–జమ్మూ ఎక్స్‌ప్రెస్ ఎక్కింది. జమ్మూలో దిగి శ్రీనగర్ విమానం అందుకోవాలి. రైలు దాదాపు నాలుగు గంటలు ఆలస్యం. విమానం పోయింది, టాక్సీలో పడి వెళ్లారు. రైల్వేవారు జిల్లా ఫోరం నుంచి సుప్రీంకోర్టు దాకా కొట్లాడి 2021లో ఓడారు. పెద్ద విజయమే, కాదనను. ఆ పద్దులు చూడండి: టాక్సీకి 15,000, మనోవేదనకు 5,000. కుటుంబమంతా పడిన మానసిక వేదన మొత్తం టాక్సీలో మూడో వంతు. టాక్సీ డ్రైవరు దగ్గర బిల్లుంటుంది. మనసుకు మీటరు లేదు.

2013లో సుప్రీంకోర్టు ఇచ్చిన కోల్‌కతా వైద్య నిర్లక్ష్యం తీర్పు చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఈ దేశంలో వైద్య నిర్లక్ష్యానికి అంతకు ముందెన్నడూ వినని మొత్తం, ఆరు కోట్ల ఎనిమిది లక్షలు. పత్రికలన్నీ ఆ అంకెను మొదటి పేజీలో వేశాయి. లోపలి పేజీలో వేయాల్సింది పద్దుల పట్టిక. చనిపోయినావిడ బతికుంటే సంపాదించేది: అయిదు కోట్ల డెబ్బై రెండు లక్షలు. చనిపోయే ముందు ఆవిడ అనుభవించిన బాధ: 10 లక్షలు. కోర్టు ఖర్చులు: 11 లక్షల 50 వేలు. ప్రయాణాలూ ముంబయిలో హోటలూ: ఆరున్నర లక్షలు. భర్తకు భార్య పోయినందుకు: లక్ష. ఇది తప్పుడు తీర్పని నేననడం లేదు. చట్టం తన దగ్గరున్న తూకంరాళ్లతోనే తూచింది. ప్రయాణాలకూ హోటలుకూ ఆరున్నర, భార్యకు ఒకటి. ఆ తూకంరాళ్లు అలాంటివి.

తెలుగువాళ్లకు దగ్గరి సంగతి ఇంకొకటుంది. హైదరాబాద్ నిమ్స్‌లో 1990లో ఆపరేషన్ తరవాత ఇరవయ్యేళ్ల ఇంజనీరింగ్ విద్యార్థికి నడుము కింద భాగం చచ్చుబడింది. జాతీయ వినియోగదారుల కమిషన్ 1999లో పదిహేనున్నర లక్షలిచ్చింది. సుప్రీంకోర్టు 2009లో దాన్ని కోటికి పెంచింది. చక్రాల కుర్చీలో కూర్చుని అతను తన కేసు తానే వాదించుకున్నాడు. అంత జరిగినా ఎవర్నీ ఒక్క పరుషమైన మాట అనకుండా, నిబ్బరంగా, హుందాగా వాదించాడని న్యాయమూర్తులు తీర్పులోనే మెచ్చుకున్నారు. ఆ మెప్పుకు అతను నూటికి నూరుపాళ్లూ తగినవాడే. నాకొచ్చే అనుమానం వేరు. పంతొమ్మిదేళ్ల తరవాత నిబ్బరం తప్పి ఒక్కసారి బల్ల గుద్ది అరిచి ఉంటే, అది వేదనకు రుజువయ్యేదా, కోర్టు ధిక్కారమయ్యేదా?

అందరికీ సుప్రీంకోర్టు దాకా వెళ్లే యోగం ఉండదు. మామూలు మనిషి వేదన తీరే చోటు జిల్లా వినియోగదారుల కమిషన్. పాడైన ఫ్రిజ్జు, రాని పార్సిలు, కట్టని అపార్ట్‌మెంటు, ఇవ్వని బీమా, అన్నీ అక్కడికే. ఫిర్యాదులో ఆఖరి పేరా ఎవరు రాసినా ఒకేలా ఉంటుంది: ‘తీవ్ర మానసిక క్షోభకు, మనోవ్యథకు, శారీరక శ్రమకు, సంఘంలో అవమానానికి గురైనందున అయిదు లక్షలు ఇప్పించవలసిందిగా ప్రార్థన.’ పరిహారం అయిదు లక్షలడిగినా అయిదు వేలే వస్తుందని ఫిర్యాదుదారుకు తెలుసు. వకీలుకు తెలుసు. కంపెనీకి ఇంకా బాగా తెలుసు. ఆ అయిదు వేలు దాని ప్రకటనల బడ్జెట్‌లో ఒక అక్షరం ఖరీదు చేయదు. అయినా అందరూ ఎంతో గంభీరంగా తమ తమ పాత్రలు పోషిస్తారు. కంపెనీ కౌంటరులో ఇలా రాస్తుంది: ఫిర్యాదుదారు ఎటువంటి మానసిక క్షోభకు గురికాలేదు, గురైనట్టయితే కఠినమైన రుజువు చూపవలెను, ఒకవేళ చూపినా అందుకు ప్రతివాది బాధ్యుడు కాడు. ఎదుటివాడి మనసులో ఏముందో అంత నిశ్చయంగా చెప్పగలిగినవాళ్లు పూర్వం ఋషులుండేవారు. ఇప్పుడు లీగల్ డిపార్ట్‌మెంట్లున్నాయి.

చివరికి తరచూ కనిపించే తీర్పు ఎలా ఉంటుంది? వస్తువు ధర వెనక్కివ్వాలి, దాని మీద వడ్డీ, మానసిక వేదనకు అయిదు వేలో పది వేలో, ఖర్చులకు మరో రెండు మూడు వేలు. ఫ్రిజ్జు పాడైనా అదే. పెళ్లినాడు ఫంక్షన్ హాలు తాళం తియ్యకపోయినా ఇంచుమించు అదే. ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చింది అనడక్కండి. అది పైనుంచి వస్తుంది.

మథుర రైల్వే స్టేషనులో జరిగింది విన్నారా? 1999లో ఒక వకీలు మొరాదాబాద్‌కు రెండు టికెట్లు కొన్నాడు. ఒక్కోటి 35 రూపాయలు. కౌంటరులో గుమాస్తా 70కి బదులు 90 తీసుకున్నాడు. ఇరవై రూపాయలు తిరిగిమ్మంటే ఇవ్వలేదు. ఆయన వినియోగదారుల ఫోరానికెళ్లాడు. వందకు పైగా వాయిదాలు. న్యాయమూర్తులు మారారు, రైల్వే మంత్రులు మారారు, శతాబ్దమే మారింది. 2022లో గెలిచాడు. ఇరవై రూపాయలు, దాని మీద ఏడాదికి 12 శాతం వడ్డీ, మనోవేదనతో సహా అన్నిటికీ కలిపి 15,000. ఇరవై రెండేళ్లకు పదిహేను వేలంటే, వేదన ఏడాదికి ఏడు వందలు కూడా పడలేదు. అందులోనూ ఒక సందేహం: ఈ పరిహారం గుమాస్తా పెట్టిన వేదనకా, వాయిదాలు పెట్టిన వేదనకా? మొదటిది అయిదు నిమిషాలు. రెండోది ఇరవై రెండేళ్లు.

మనలో ఒక సామెతుంది: కోర్టులో ఓడినవాడు అక్కడే ఏడిస్తే, గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడుస్తాడు. ఓడినవాడి ఏడుపును చట్టం లెక్కలోకి తీసుకోదు, న్యాయమే. గెలిచినవాడి ఏడుపుకైనా ఒక పద్దు ఉండాలి కదా? లేదు. పైగా గెలిచాక డబ్బు రాకపోతే ఎగ్జిక్యూషన్ పిటిషన్ వేయాలి. గెలిచినందుకు మళ్లీ కేసు వేయాలన్నమాట.

వినియోగదారుడు కానివాడి గతి ఏమిటి? పరువు పోయిందనో, పొరుగువాడు వేపుకుతిన్నాడనో సివిల్ కోర్టుకెళ్లేవాడు ముందు తన వేదనకు తానే అంకె వేసుకోవాలి. ఎంత అంకె వేస్తే దానికి తగ్గట్టు కోర్టు ఫీజు కట్టాలి. కడుపునిండా ఏడవాలంటే జేబునిండా డబ్బుండాలి. పేదవాడు ఫీజు కట్టలేనని పాపర్ దావా వేయొచ్చు. అప్పుడు ముందుగా తన పేదరికాన్ని రుజువు చేసుకోవాలి, ఆ తరవాత వేదన సంగతి. ఇదంతా దాటి బోనెక్కితే క్రాస్ ఎగ్జామినేషన్. ఈ కింది సంభాషణ ఏ కోర్టులోనూ జరిగింది కాదు, ఏ కోర్టులోనైనా జరగగలిగింది.

‘ఏమ్మా, ఆ సంఘటన తరవాత మీకు నిద్ర పట్టలేదన్నారు?’

‘అవునండి.’

‘నిద్ర పట్టలేదనడానికి సాక్షులున్నారా?’

‘మా ఆయన ఉన్నారండి.’

‘ఆ రాత్రి ఆయన ఏం చేస్తున్నారు?’

‘పడుకున్నారండి.’

‘పడుకున్న మనిషి మీరు మేలుకుని ఉన్నారని ఎలా చూశారమ్మా? పోనీ, డాక్టరుకు చూపించుకున్నారా?’

‘చూపించుకున్నానండి. మాత్రలిచ్చారు.’

‘అయితే మీకు ముందు నుంచే ఈ జబ్బుంది. గమనించవలసిందిగా కోర్టువారిని కోరుతున్నాను.’

డాక్టరు చీటీ లేకపోతే వేదన లేదు. చీటీ ఉంటే అది మా క్లయింటు పెట్టిన వేదన కాదు. ఈ రెండింటి మధ్య సన్నటి దారిలో ఎవరైనా గెలిచి బయటపడితే వాళ్లకు పరిహారం కాదు, పతకం ఇవ్వాలి.

గవర్నమెంటు పెట్టే వేదన ఇంకో తరగతి. 1993లో లక్నో డెవలప్‌మెంట్ అథారిటీ కేసులో సుప్రీంకోర్టు గొప్ప మాట అంది: అధికారులు జనాన్ని వేధిస్తే ఆ వేధింపుకు పరిహారమివ్వాలి, అదీ ప్రజల సొమ్ములోంచి కాదు, ఎవరు వేధించారో తేల్చి వాళ్ల జేబులోంచి రాబట్టాలి. విన్నప్పుడు ఒళ్లు పులకరిస్తుంది. మనోవేదనకు దక్కింది పది వేలు. ఏడేళ్లకు, 2000లో, అదే రాష్ట్రంలోని ఘజియాబాద్ డెవలప్‌మెంట్ అథారిటీ మీద వచ్చిన కేసులో, స్థలాల అమ్మకం వ్యాపార ఒప్పందం, ఒప్పందం తప్పితే మనోవేదనకు పరిహారం ఉండదు అని కొట్టేసింది. రెండు ఊళ్లకూ మధ్య అయిదు వందల కిలోమీటర్లు కూడా లేవు. ఆ మాత్రం దూరానికే మనసు గుణం మారిపోయింది. లాయర్లు ఈ రెంటికీ ఉన్న తేడాను మూడు గంటలు చక్కగా వివరిస్తారు. స్థలం కోసం డబ్బు కట్టి ఎదురుచూసినవాడికి మాత్రం ఒక్క నిమిషం కూడా అర్థం కాదు.

ఖైదు లెక్కలు చూడండి. బీహార్‌లో ఒక మనిషిని 1968లో నిర్దోషి అని వదిలేయమన్నారు. జైలువాళ్లు వదల్లేదు. పద్నాలుగేళ్లు లోపలే ఉంచి 1982లో వదిలారు. 1983లో సుప్రీంకోర్టు పరిహారం ఇప్పించింది. న్యాయ చరిత్రలో అది నిలిచిపోయే తీర్పే. ప్రాథమిక హక్కు పోతే డబ్బు కూడా ఇప్పించవచ్చని అప్పుడే తేలింది. మొత్తం 35,000. రోజుకు ఏడు రూపాయలు కూడా కాదు. రెండేళ్ల తరవాత, 1985లో, జమ్మూ కశ్మీర్ ఎమ్మెల్యే భీంసింగ్‌ను శాసనసభకు వెళ్లనివ్వకుండా పోలీసులు కొద్ది రోజులు పట్టి ఉంచారు. ఆయనకు 50,000. ఇది కూడా న్యాయమే. శాసనసభ్యుణ్ణి సభకు వెళ్లనివ్వకపోవడం చిన్న నేరం కాదు. అయితే ఈ రెండంకెలనూ పక్కపక్కన పెడితే మనకు తెలిసేది వేదన గురించి కాదు, హోదా గురించి. వేదన ఎంత లోతని కాదు, ఎంత ఎత్తు మనిషిదని చూసి కొలుస్తాం. ఇస్రో శాస్త్రవేత్త నంబి నారాయణన్‌ను 1994లో గూఢచారి అని అరెస్టు చేశారు. 2018లో సుప్రీంకోర్టు 50 లక్షలు ఇప్పించింది. ఇరవై నాలుగేళ్లు దేశద్రోహి అన్న ముద్ర మోసిన మనిషికి అది ఎక్కువని ఎవరూ అనలేరు. మరి పద్నాలుగేళ్లు లోపలున్న పేరులేనివాడికి ఎంతివ్వాలి?

ఎక్కువిచ్చినా గొడవే. ఢిల్లీలో ఒక స్టార్ హోటల్ సెలూన్‌లో మోడల్‌గా పని చేసే ఒకావిడ జుట్టు చెప్పినట్టు కాకుండా కత్తిరించారు. 2021లో జాతీయ కమిషన్ రెండు కోట్లు ఇవ్వమంది. దేశమంతా నవ్వింది. జుట్టుకు రెండు కోట్లా? (ప్రేమకు నలభై వేలంటే ఎవరూ నవ్వలేదని గమనించగలరు.) 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ మొత్తాన్ని పక్కన పెట్టింది. పరిహారం అనుకున్నదల్లా రాసేది కాదు, అంకెకు ఆధారం కావాలి, మళ్లీ చూడండి అంది. కమిషన్ మళ్లీ చూసింది. ఏప్రిల్‌లో మళ్లీ రెండు కోట్లే రాసింది. కేసు మళ్లీ సుప్రీంకోర్టుకెక్కింది.

ఆ కేసులో సుప్రీంకోర్టు అన్న మాట నూటికి నూరుపాళ్లూ నిజం. అంకెకు ఆధారం కావాలి. నేను అడిగేది కూడా సరిగ్గా అదే. రెండు కోట్లకు ఆధారం లేదన్నారు, ఒప్పుకున్నాం. అయిదు వేలకు ఏ ఆధారం ఉంది? నలభై వేలకు ఏముంది? ముప్పై తొమ్మిది ఎందుకు కాకూడదు, నాలుగు లక్షలు ఎందుకు కాకూడదు? అడిగినవాడి అంకెకు మాత్రమే సాక్ష్యం కావాలి, ఇచ్చేవారి అంకెకు సంతకం చాలు. పెద్ద అంకె అయితే గాలిలోంచి తీశారంటారు. చిన్న అంకె అదే గాలిలోంచి వస్తే దానికి సంయమనం అని పేరు. న్యాయమూర్తుల ఇబ్బంది నాకు తెలియక కాదు. మనసును తూచే యంత్రం వాళ్లకెవరూ ఇవ్వలేదు; తలుపులు బార్లా తెరిస్తే ప్రతి తుమ్ముకూ దావా పడుతుందన్న భయంలోనూ అర్థముంది. ఒకే రకం కేసుకు ఊరికో అంకె ఉండకూడదని రేటు కట్టారనుకుందాం. కట్టండి. కాని ఈ మనిషికి ఈ అంకె ఎందుకో తీర్పులో ఒక్క వాక్యం రాయండి. ఫ్రిజ్జు రంగు ఏమిటో, రసీదు నంబరెంతో, ఎన్నిసార్లు ఫోన్ చేశారో పది పేజీలు రాసే తీర్పు, మనిషి ఏమయ్యాడన్నది వచ్చేసరికి ‘న్యాయం దృష్ట్యా 5,000’ అని ముగించడం ఏ న్యాయం దృష్ట్యా?

ఆ వాక్యం రాయమని అడిగే చోటు కూడా ఎక్కడా లేదు. ఆపరేషన్ పాడుచేసిన డాక్టరు మీద వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చని 1995లో తేలిపోయింది. కేసు పాడుచేసిన వకీలు మీద మాత్రం వెళ్లడానికి లేదని 2024 మే 14న సుప్రీంకోర్టు తేల్చింది. వకీలు వృత్తి ఈ చట్టం కిందికి రాదట. కోర్టులో జరిగే ఆలస్యం సేవాలోపం కాదన్నది ఎవరూ తేల్చనక్కర్లేదు, అడిగే ధైర్యం ఎవరికుంది? కమిషన్లలో అధ్యక్షులూ సభ్యులూ లేక కుర్చీలు ఖాళీగా ఉన్నాయని 2021లో సుప్రీంకోర్టు తనంతట తానే కేసు వేసుకోవలసి వచ్చింది. కోరం లేక వాయిదా పడిన రోజున బస్సు ఛార్జీ పెట్టుకుని వచ్చి తిరిగి వెళ్లిన ముసలాయన వేదన ఏ పద్దు కింద రాయాలో ఇంతవరకు ఎవరూ చెప్పలేదు.

చట్టంలో ఉన్నది ఉన్నట్టు చెబుతాను. వినియోగదారుడు ఫిర్యాదు వేయడానికి గడువు రెండేళ్లు. ప్రతివాదికి నోటీసు అందాక కమిషన్ మూడు నెలల్లో, వస్తువును ల్యాబుకు పంపాల్సి వస్తే అయిదు నెలల్లో, తేల్చడానికి ప్రయత్నించాలి. ఆ రెండేళ్లు దాటితే మనం ఆలస్యానికి కారణం చూపి, క్షమించమని పిటిషన్ పెట్టుకోవాలి. ఆ మూడు నెలలు దాటితే ఎవరూ ఎవరికీ ఏ పిటిషనూ పెట్టనక్కర్లేదు.